హరగోపాల్ సారు పేరు తీసేశారు. మరి మిగతా పేర్లు?

తమ్ముడూ, చెల్లే,

లింగంపల్లి స్టేషన్లో మొదటిసారి దిగిన రోజు గుర్తుందా? ఒక బ్యాగు, సర్టిఫికెట్ల ఫైలు, ఊరి అన్న ఎవరో ఫోన్లో చెప్పిన హాస్టల్ అడ్రసు. ములుగు నుంచో, ఉట్నూరు నుంచో, భద్రాచలం నుంచో, పాడేరు నుంచో వచ్చావు. ఇప్పుడు గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో పని చేస్తున్నావు. కంప్యూటర్ ముందు కూర్చునే పని కావచ్చు, గేటు దగ్గర నిలబడే పని కావచ్చు, బండి మీద అన్నం పార్సిళ్ళు మోసే పని కావచ్చు. ఏ పనైనా చేరే ముందు ఒక ఫారం నింపావు. అందులో ఒక ప్రశ్న ఉంటది: మీ మీద క్రిమినల్ కేసు ఏదైనా పెండింగులో ఉందా?

‘లేదు’ అని టిక్కు పెట్టావు. నిజాయితీగానే పెట్టావు.

ఒక్క మాట అడుగుతా. లేదని నీకెలా తెలుసు?

కోపం తెచ్చుకోకు. నిన్ను అనుమానించి అడగట్లేదు. 2022 ఆగస్టు 19న ములుగు జిల్లా తాడ్వాయి ఠాణాలో ఒక ఎఫ్‌ఐఆర్ రాశారు. తాడ్వాయి అంటే మన మేడారం ఉన్న మండలం, సమ్మక్క సారలమ్మల గద్దెలున్న నేల. ఆ ఎఫ్‌ఐఆర్‌లో 152 పేర్లు. పెట్టిన చట్టం ఉపా, అంటే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, దేశంలో ఉగ్రవాదం మీద వాడే ప్రధాన చట్టం. ఆ పేర్లలో ఒకటి ప్రొఫెసర్ హరగోపాల్. లింగంపల్లికి పక్కనే ఉన్న సెంట్రల్ యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి రాజనీతి శాస్త్రం చెప్పిన సారు. రాజ్యాంగం గురించి, హక్కుల గురించి ఆయన మాట్లాడని ఊరు తెలంగాణలో తక్కువ. ఆ సారుకే తన మీద ఉగ్రవాద చట్టం కింద కేసు ఉందని దాదాపు పది నెలలు తెలియదు. 2023 జూన్‌లో వేరే వ్యక్తి బెయిల్ వ్యవహారంలో ఈ ఎఫ్‌ఐఆర్ కాగితం బయటపడింది. అప్పుడు తెలిసింది.

అందులో ఇంకో పేరు బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి హెచ్. సురేశ్. ఆయన 2020లోనే చనిపోయారు. చనిపోయిన రెండేళ్ళకు తాడ్వాయి ఠాణాలో నిందితుడయ్యారు. అడవిలో దొరికిన కాగితాల్లో ఈ పేర్లున్నాయి, అందుకే రాశామన్నది పోలీసుల మాట.

తర్వాత ఏం జరిగింది? పేపర్లు రాశాయి, టీవీలు అరిచాయి, ప్రొఫెసర్లు, వకీళ్ళు, రిటైర్డు జడ్జిలు ఖండించారు. ముఖ్యమంత్రి కేసు ఎత్తేయమని డీజీపీకి చెప్పారు. హరగోపాల్ సారుతో పాటు కొందరి పేర్లు తీసేస్తున్నామని పోలీసులు ప్రకటించారు. మంచిదే. సారు మీద కేసు పోవాల్సిందే, అసలు పెట్టకూడనిదే. ఆయన కూడా తన ఒక్కడి గురించి కాదు, ఈ చట్టమే పోవాలని మాట్లాడుతూ వచ్చిన మనిషి.

కానీ మన ప్రశ్న మనకుంది. 152లోంచి ఆ కొన్ని పేర్లు తీస్తే మిగిలినవి ఎవరివి? వాళ్ళ కోసం ఏ టీవీ అరిచింది? ఏ ముఖ్యమంత్రి ఫోన్ చేశాడు?

ఈ వ్యాసం చెప్పేది ఒక్కటే. ఉపా చట్టంలో శిక్ష తీర్పుతో రాదు, ముందే వస్తది. ఆ శిక్ష నుంచి తొందరగా బయటపడేది తప్పు చేయనివాళ్ళు కాదు, పేరున్నవాళ్ళు. మన గూడేల్లో పేరున్నవాళ్ళు ఎంతమంది?

చట్టం ఎట్ల పని చేస్తదో చూద్దాం

చాలామంది మనవాళ్ళు ఉపా అనగానే భయపడతారు గానీ, అది ఏ కీలు దగ్గర మనిషిని పట్టుకుంటదో చూడరు. వకీలు భాష పక్కన పెట్టి చెప్పుకుందాం.

మామూలు కేసులో నిన్ను అరెస్టు చేస్తే, నేరాన్ని బట్టి 60 రోజుల్లోనో 90 రోజుల్లోనో పోలీసులు ఛార్జిషీటు వేయాలి. వేయకపోతే బెయిల్ నీ హక్కు. ఉపాలో కోర్టు అనుమతిస్తే ఆ గడువు 180 రోజుల దాకా పోతది. అంటే ఆరు నెలలు. నీ మీద నేరం ఏమిటో పూర్తిగా కాగితం మీద పెట్టకుండానే ఆరు నెలలు లోపల.

ఛార్జిషీటు వేశాక అసలు కథ మొదలైతది. మామూలు కేసులో బెయిల్ అడిగితే జడ్జి ఏం చూస్తాడు? పారిపోతాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా, సాక్ష్యం చెరిపేస్తాడా అని. ఉపాలో 43డి సెక్షన్ 5వ ఉపసెక్షన్ ఇంకో గోడ కట్టింది. కేసు డైరీ, ఛార్జిషీటు చూస్తే ఆరోపణ పైకి నిజమే అనిపిస్తే చాలు, బెయిల్ ఇవ్వకూడదు. ఈ సెక్షన్ 2008 సవరణతో వచ్చింది, ముంబై దాడులు జరిగిన కొన్ని వారాలకే. 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా బిగించింది. బెయిల్ దశలో సాక్ష్యాన్ని లోతుగా తూకం వేయొద్దు, పోలీసులు పెట్టిన కాగితాల్ని ఉన్నదున్నట్టు చూసుకోవాలి అన్నది.

దీని అర్థం ఏంది? పోలీసు రాసిన కాగితమే బెయిల్ దగ్గర సాక్ష్యం. అది అబద్ధమని నువ్వు చెప్పుకోవడానికి వేదిక విచారణ. విచారణ ఎప్పుడు? సాక్షులు వచ్చినప్పుడు, జడ్జి ఉన్నప్పుడు, నిన్ను జైలు నుంచి తీసుకురావడానికి ఎస్కార్టు దొరికినప్పుడు. అప్పటిదాకా వాయిదా మీద వాయిదా.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మళ్ళీ రా. ఎఫ్‌ఐఆర్ రాసిన 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో చెప్పింది. మంచి తీర్పు. కానీ లైంగిక నేరాలు, తిరుగుబాటు, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఇచ్చింది. అంటే కోడి దొంగతనం కేసులో నీ పేరుంటే ఫోన్లో చూసుకోవచ్చు. నీ జీవితాన్నే మింగే కేసులో నీ పేరుంటే చూసుకోలేవు. తాడ్వాయి పేర్లు పది నెలలు బయటికి రాకపోవడంలో వింతేముంది?

121 మంది ఐదేళ్ళు

భద్రాచలం దాటి చింతూరు, కుంట మీదుగా పోతే సుక్మా జిల్లా వస్తది. అవతల ఉన్నది ఛత్తీస్‌గఢ్ అంటరు గానీ, భాష మనదే, చుట్టరికం మనదే. అక్కడ బుర్కాపాల్ దగ్గర 2017 ఏప్రిల్ 24న మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. 25 కుటుంబాల దుఃఖం అది. అందులో కూడా ఎక్కువ మంది పేద రైతుల బిడ్డలే ఉంటరు. ఆ హత్యలు చేసినవాళ్ళని పట్టుకోవాలి, విచారించాలి. ఇందులో వాదన లేదు.

కానీ పట్టుకున్నది ఎవరిని? చుట్టుపక్కల ఊళ్ళ ఆదివాసుల్ని, వందకు పైగా. ఉపా పెట్టారు. 2022 జులైలో దంతెవాడ ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు 121 మందిని నిర్దోషులని వదిలేసింది. దాడి జరిగినప్పుడు వీళ్ళు అక్కడున్నారని గానీ, వీళ్ళ దగ్గర ఆయుధాలు దొరికాయని గానీ ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయింది. అప్పటికి ఐదేళ్ళు అయిపోయినయి.

ఐదేళ్ళంటే ఏందో పట్నంలో కూర్చుని లెక్క కట్టలేం. ఐదు వానాకాలాలు విత్తనం పడని చెలక. ఐదు ఎండాకాలాలు ఇప్పపువ్వు, తునికాకు ఏరుకోని ఇల్లు. మేకలమ్మి వకీలు ఫీజు. ఊరి నుంచి జైలుకు పోను రాను బస్సు ఛార్జీలు, ములాఖత్‌లో భాష రాక తల ఊపి వచ్చిన తల్లి. పుట్టినప్పుడు చూడని పిల్ల ఐదేళ్ళకు నాన్నని చూసి అమ్మ వెనక్కి దాక్కోవడం. తీర్పు వచ్చిన రోజు పేపర్లు ‘121 మందికి ఊరట’ అన్నట్టు రాస్తయి. ఊరట ఏంది? తప్పు చేయనివాళ్ళకు ఐదేళ్ళ జైలు పడింది, తీర్పు చివర్లో వచ్చింది. జరిగింది అదే.

ఒక్క బుర్కాపాలే అనుకోకు. 2021 ఫిబ్రవరిలో కేంద్ర హోం శాఖ సహాయ మంత్రిగా ఉన్న మన సికింద్రాబాద్ ఎంపీ కిషన్ రెడ్డి గారే రాజ్యసభలో లెక్క చెప్పారు. 2016 నుంచి 2019 దాకా ఉపా కింద అరెస్టయినవాళ్ళు 5,922 మంది. అదే కాలంలో శిక్ష పడినవాళ్ళు 132 మంది. శిక్ష పడిన 132 మందీ ఆ ఏళ్ళలో పట్టుకున్నవాళ్ళే అయి ఉండాలని లేదు, పాత కేసులూ ఉంటయి. ఎన్నో కేసులు ఇంకా నడుస్తూ ఉండొచ్చు. అయినా ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఎడం చూడు. ఆ ఎడంలో ఉన్నది మనుషులే.

సాయిబాబా పేరు తెలుసు. పాండు నరోటే?

అమలాపురంలో పుట్టి ఢిల్లీలో ఇంగ్లీషు చెప్పిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా పేరు నీకు తెలుసు. 2014లో అరెస్టు, 2017లో గడ్చిరోలి కోర్టు యావజ్జీవం. 90 శాతం అంగవైకల్యం ఉన్న మనిషి. 2022 అక్టోబర్ 14న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి నిర్దోషి అన్నది. మర్నాడు శనివారం. సెలవు రోజు సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును ఆపేసింది. తర్వాత కేసు మళ్ళీ హైకోర్టుకు పోయింది. 2024 మార్చి 5న హైకోర్టులో వేరే బెంచి మళ్ళీ నిర్దోషి అన్నది. బయటికి వచ్చిన ఏడు నెలలకు, 2024 అక్టోబర్ 12న, మన హైదరాబాద్ నిమ్స్‌లో ఆయన చనిపోయారు.

నువ్వు కూడా ఆ రోజు స్టేటస్‌లో ఫొటో పెట్టి ఉంటావు.

అదే కేసులో ఇంకో నిందితుడు పాండు నరోటే. గడ్చిరోలి జిల్లా ఎటపల్లి తాలూకా ఆదివాసీ యువకుడు. గోదావరికి అవతల మన సిరొంచ దాటి పోతే ఆ అడవే. 2013లో పట్టుకున్నారు. నాగపూర్ జైల్లో ఉండగానే జబ్బు చేసి 2022 ఆగస్టులో చనిపోయాడు. హైకోర్టు మొదటిసారి నిర్దోషి అనడానికి రెండు నెలల ముందు. రెండు తీర్పుల్లోనూ అతను నిర్దోషే. వినడానికి మనిషి లేడు.

సాయిబాబా సారు కోసం ఢిల్లీ నుంచి లండన్ దాకా సంతకాలు చేశారు, చేయాల్సిందే. ఆయనే చివరిదాకా అదే పోరాటం చేసిన మనిషి. పాండు నరోటే పేరు నీ ఫోన్లో ఎన్నిసార్లు కనబడింది? ఒకే కేసు, ఒకే చట్టం, ఒకే తీర్పు. ఒకరి పేరు చరిత్రలో ఉంది, ఒకరిది కేసు కాగితంలో ఉంది. తప్పు సారుది కాదు. తప్పు మనది కూడా. మనవాడి పేరు మనమే పలకలేదు.

మరి బాంబులు పెట్టేవాళ్ళని ఏం చేయాలి?

ఆఫీసులో నీ పక్క సీటతను ఇది చదివితే అడుగుతాడు: ఉగ్రవాదం లేదంటావా? గోకుల్ చాట్ మర్చిపోయావా?

మర్చిపోలేదు. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్ళలో చనిపోయినవాళ్ళలో ఊరు నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్లలూ ఉన్నారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బస్టాపు దగ్గర నిలబడ్డవాళ్ళు చనిపోయారు. రేపు లింగంపల్లి బస్టాండులో అట్లా జరిగితే పోయేది మనమే. దిల్‌సుఖ్‌నగర్ కేసులో దర్యాప్తు జరిగింది, సాక్ష్యాలు కోర్టు ముందుకొచ్చినయి, 2016 డిసెంబర్‌లో ఎన్‌ఐఏ కోర్టు ఐదుగురిని దోషులని తేల్చింది. ఉరిశిక్ష సంగతి వేరే చర్చ. కానీ సాక్ష్యం ఉంటే కోర్టు శిక్ష వేస్తది. శిక్ష వేయించేది దర్యాప్తు, బెయిల్ లేకుండా ఏళ్ళు ఉంచడం కాదు.

దర్యాప్తు చేయకుండా మనుషుల్ని పట్టుకుంటే ఏమైతదో కూడా హైదరాబాదే చూపించింది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పాతబస్తీ నుంచి పదుల సంఖ్యలో ముస్లిం యువకుల్ని ఎత్తుకుపోయారు. కొట్టారు, జైల్లో పెట్టారు. తర్వాత కోర్టులు వాళ్ళని నిర్దోషులని వదిలినయి. దర్యాప్తు దారి మారింది, వేరేవాళ్ళ మీద కేసు నడిచింది. 2018 ఏప్రిల్ 16న ఎన్‌ఐఏ కోర్టు వాళ్ళనీ వదిలేసింది. పదకొండేళ్ళ తర్వాత కూడా బాంబు పెట్టిందెవరో చెప్పే తీర్పు లేదు. మసీదులో నమాజుకు పోయి చచ్చిపోయినవాడికి న్యాయం లేదు, ఊరికే జైలుకు పోయినవాడికీ న్యాయం లేదు.

ఆ యువకులకు అప్పటి రాష్ట్ర ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వునూ కొట్టేసింది. నిర్దోషిగా బయటికొచ్చినంత మాత్రాన డబ్బు ఇవ్వడానికి చట్టంలో దారి లేదన్నట్టు అయింది. బుర్కాపాల్ 121 మందికి ఎవరు ఏమిస్తారు మరి?

అందుకే పాతబస్తీ పిల్లాడి కేసు, మన గూడెం పిల్లాడి కేసు వేరు వేరు అనుకోకు. గడ్డం చూసి ఒకరిని, అడ్రసు చూసి ఒకరిని అనుమానిస్తరు. చట్టం ఒకటే, గోడ ఒకటే.

ఇంకొకటి కూడా దాచుకోకుండా చెప్పుకోవాలి. ఇన్ఫార్మర్ అని ముద్ర వేసి మన ఆదివాసీనే రాత్రిపూట ఇంట్లోంచి లాక్కుపోయి చంపినప్పుడు అక్కడా ఛార్జిషీటు లేదు, వకీలు లేడు, అప్పీలు లేదు. విచారణ లేకుండా శిక్షించడం తప్పయితే ఎవరు చేసినా తప్పే. అడవిలో చేసినా, ఠాణాలో చేసినా. ఆ మాట అనలేకపోతే సర్కారును అడిగే నోరు మనకు ఉండదు.

కోర్టు దేవుడు కాదు, శత్రువూ కాదు

కొందరు మనవాళ్ళు కోర్టు మీద పూర్తిగా ఆశ పెట్టుకుంటరు. కొందరు కోర్టంటేనే దండగ అంటరు. రెండూ పొరపాటే. చూడు.

2011 జులై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ సల్వాజుడుం కేసులో తీర్పు ఇచ్చారు. ఐదో తరగతి దాటని ఆదివాసీ పిల్లలకు నెలకు మూడు వేలు చేతిలో పెట్టి, తుపాకి ఇచ్చి, స్పెషల్ పోలీస్ ఆఫీసర్ అని పేరు పెట్టి అడవిలోకి తోలడం రాజ్యాంగ విరుద్ధమన్నారు. సమానత్వం, జీవించే హక్కు ఆ పిల్లలకూ ఉన్నాయన్నారు. ఆయన రంగారెడ్డి జిల్లా మనిషి. పద్నాలుగేళ్ళ తర్వాత, 2025లో ఉపరాష్ట్రపతి ఎన్నికలో నిలబడితే, ఆ తీర్పునే ఆయన మీద నేరంలాగా ఎత్తి చూపారు. మన పిల్లల ప్రాణం గురించి రాసిన తీర్పుకు ఇంత కోపం ఎందుకో ఆలోచించు.

2021 ఫిబ్రవరి 1న నజీబ్ కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ఉన్న ముగ్గురు జడ్జిల బెంచి ఒక కిటికీ తెరిచింది. నిందితుడు ఐదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు, ఇంకా 276 మంది సాక్షుల్ని విచారించాలి. ఇట్లాంటప్పుడు 43డి గోడ ఉన్నా సరే, 21వ అధికరణం కింద రాజ్యాంగ న్యాయస్థానాలు బెయిల్ ఇవ్వొచ్చు అన్నది.

ఇప్పుడు రెండో వైపు. దంతెవాడ ప్రాంతంలో 2009లో ఆదివాసుల్ని చంపారని, స్వతంత్ర దర్యాప్తు కావాలని హిమాంశు కుమార్, బాధితులు సుప్రీంకోర్టుకు పోయారు. 2022 జులై 14న కోర్టు పిటిషన్ కొట్టేసి, హిమాంశు కుమార్‌కే 5 లక్షల జరిమానా వేసింది. మర్నాడే దంతెవాడలో బుర్కాపాల్ 121 మంది నిర్దోషులని తీర్పు వచ్చింది. రెండు రోజుల్లో రెండు తీర్పులు. ఒకచోట న్యాయం అడిగినవాడికి జరిమానా, ఒకచోట ఐదేళ్ళు జైలు తిన్నవాళ్ళకు ఉత్త చేతులు.

వాకపల్లి సంగతి తెలుసు కదా. 2007 ఆగస్టు 20న గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆడవాళ్ళు ఫిర్యాదు చేశారు. పదహారేళ్ళు తిరిగారు. 2023 ఏప్రిల్ 6న విశాఖలో ప్రత్యేక కోర్టు నిందితుల్ని వదిలేసింది. దర్యాప్తు సరిగా చేయలేదని చెప్పి, ఆ ఆడవాళ్ళకు పరిహారం ఇవ్వమన్నది. నిందితుడు ఆదివాసీ అయితే దర్యాప్తు లేకున్నా జైలు ముందే పడుతది. ఫిర్యాదు చేసింది ఆదివాసీ అయితే దర్యాప్తు లేక కేసే పడిపోతది.

అందుకే అంటున్నా. కోర్టు ఒక మైదానం. కాగితం, తేదీ, వకీలు, జనం చూపు ఉన్నవాడు అక్కడ నిలబడతడు. లేనివాడు వాయిదాల్లో కొట్టుకుపోతడు.

ఏం అడగాలి?

మన డిమాండ్లు గట్టిగా, సూటిగా ఉండాలి.

43డి 5 పోవాలి. బెయిల్ ఇవ్వాలో వద్దో జడ్జి సాక్ష్యం చూసి తేల్చాలి. ప్రమాదకరమైన మనిషిని ఆపడానికి మామూలు చట్టంలోనే జడ్జికి అధికారం ఉంది.

నిర్దోషిగా తేలినవాళ్ళకు పరిహారం హక్కుగా ఇచ్చే చట్టం రావాలి. దయగా కాదు, ప్రభుత్వం మారితే పోయే జీవోగా కాదు.

తాడ్వాయి లాంటి కేసుల్లో పేరున్నవాళ్ళను తీసేసి చేతులు దులుపుకోవడం కుదరదు. సాక్ష్యం లేదని ఒకరి పేరు తీస్తే, అదే కాగితంలో దొరికిన మిగతా పేర్లకూ అదే కొలత పెట్టాలి. తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వాలు రెండూ ఏజెన్సీ మండలాల్లోని ఉపా కేసులన్నీ ఒక్కొక్కటి బయటపెట్టి సమీక్షించాలి.

నువ్వు ఏం చేయగలవు?

ప్రభుత్వం వినేదాకా కూర్చోవాల్సిన పని లేదు. లింగంపల్లిలో, గోపన్‌పల్లిలో, మసీదుబండలో ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటున్నారు. ఆదివారం ఒక నోటుబుక్కు తీయండి. మీ మండలంలో ఎవరి మీద ఏ కేసు ఉంది, ఏ కోర్టు, ఏ జైలు, వచ్చే వాయిదా ఎప్పుడు అని రాయండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నెంబరు కొడితే తర్వాతి తేదీ కనబడతది. ఊళ్ళో ఉన్న తల్లికి ఆ యాప్ తెలియదు, నీకు తెలుసు. వాయిదా తేదీ తెలియక కోర్టుకు పోలేక వారంటు పడిన మనుషులున్నారు. నీ రెండు నిమిషాల పని ఒకరి రెండు నెలల జైలు ఆపొచ్చు.

కొన్ని మాటలు నోటికి రావాలి, ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పాలి. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, ఇది రాజ్యాంగం 22వ అధికరణం. అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని ఉపా కేసులోనే, 2024 మే 15న ప్రబీర్ పుర్కాయస్థ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కారణాలు మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని 2025 నవంబర్‌లో ఇంకో తీర్పు చెప్పింది. కోయ మాత్రమే వచ్చిన ముసలాయనకు తెలుగులోనో ఇంగ్లీషులోనో కాగితం ఇచ్చి వేలిముద్ర తీసుకుంటే అడగడానికి ఇప్పుడు ఆధారం ఉంది. వకీలును కలిసే హక్కుంది. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం హక్కు. నెంబరు 15100. అది మీ నాన్న ఫోన్లో సేవ్ చెయ్.

ఎఫ్‌ఐఆర్ సున్నితమని ఇవ్వకపోతే ఎస్పీకి దరఖాస్తు పెట్టొచ్చు. ముగ్గురు అధికారుల కమిటీ మూడు రోజుల్లో తేల్చాలని ఆ 2016 తీర్పులోనే ఉంది. ఉపా కేసులో 90వ రోజు లెక్క పెట్టుకో. ఆలోపు ఛార్జిషీటు రాకపోతే, గడువు పెంచుతూ కోర్టు ఉత్తర్వు ఇచ్చిందా లేదా చూడు. ఇవ్వకపోతే అదే రోజు బెయిల్ దరఖాస్తు వేయాలి. ఒక్కరోజు ఆలస్యమైతే ఛార్జిషీటు వచ్చి పడుతది, హక్కు పోతది. ఈ లెక్క పెట్టేవాడు లేక ఏళ్ళకు ఏళ్ళు లోపల ఉన్నవాళ్ళున్నారు.

భయం ఉంటదని తెలుసు. ఈ కేసుల జోలికి పోతే నా ఉద్యోగం పోతదేమో, వెరిఫికేషన్‌లో నా పేరు వస్తదేమో అనిపిస్తది. వకీలు నెంబరు చెప్పడం, వాయిదా తేదీ చూడడం, జైల్లో ఉన్న మనిషి పేరు పలకడం నేరం కాదు. ఇవి కూడా నేరమనే రోజు రాకుండా చూసుకోవాలంటే ఇప్పుడే ఎక్కువమంది చేయాలి. ఒక్కడు చేస్తే అనుమానం, వెయ్యిమంది చేస్తే అలవాటు.

హరగోపాల్ సారును కాపాడింది ఏంటి? ఆయన పేరు వేలమందికి తెలుసు. అంతే. మన గూడెం మనిషికి అంత పేరు రాదు, అవసరమూ లేదు. అతని పేరు ఇరవై మందికి తెలిస్తే చాలు. ఆ ఇరవై మందికి వాయిదా తేదీ గుర్తుండాలి, వకీలు ఎవరో తెలియాలి, కోర్టు బయట ఇద్దరు నిలబడాలి.

ఈ ఆదివారం నోటుబుక్కు తియ్. మొదటి పేజీలో మొదటి పేరు పాండు నరోటే అని రాయ్. రెండో పేరు మీ మండలం నుంచి నువ్వే రాయాలి.